కోర్టు వేసిన భరణం చేతికి రావాలంటే

కోర్టు భరణం ఇమ్మన్నంత మాత్రాన డబ్బు దానంతటదే ఖాతాలో పడదు. మాజీ భర్త కట్టకపోతే కోర్టు అతని వెంటపడదు, మళ్లీ మీరే పిటిషన్ వేయాలి. తీర్పు వచ్చిన రోజే కేసు అయిపోయిందనుకుని ఫైలు బీరువాలో పెట్టేసేవాళ్లు ఎక్కువగా నష్టపోతారు.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ ఆర్డరో చూడండి. నెలనెలా ఇచ్చే మనోవర్తి చాలాసార్లు పాత సీఆర్‌పీసీ 125 కింద వచ్చి ఉంటుంది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 144 అయింది. విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీకీ ఇది వర్తిస్తుంది. ముస్లిం స్త్రీలకూ వర్తిస్తుందని తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే 2024 జూలై 10న సుప్రీంకోర్టు చెప్పింది. హిందూ వివాహ చట్టం 25 కింద ఇచ్చిన శాశ్వత భరణమైతే దాన్ని సివిల్ డిక్రీలా అమలు చేయించాలి. ఏదైనా సరే, సర్టిఫైడ్ కాపీకి వెంటనే దరఖాస్తు పెట్టండి.

తర్వాత బకాయి లెక్క. నెల, రావాల్సింది, వచ్చింది, మిగిలింది అని నాలుగు గడులు గీయండి. ఆర్డరులో ఏ తేదీ నుంచి ఇమ్మన్నారో అక్కడి నుంచే మొదలుపెట్టండి. చాలా ఆర్డర్లలో అది పిటిషన్ వేసిన తేదీయే. బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయండి. ఇకమీదట చేతికి నగదు తీసుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది గడువు. 144 కింద బకాయి వసూలుకు వారెంటు కావాలంటే, ఆ నెల సొమ్ము బకాయి పడిన రోజు నుంచి ఏడాదిలోపే దరఖాస్తు చేయాలి. ‘వచ్చే నెల ఇస్తాడట’ అని ఆగిన ప్రతి నెలా వెనకనున్న ఒక పాత నెల ఈ దారిలోంచి జారిపోతుంది. పది నెలలు దాటకముందే పిటిషన్ వేసేయండి. సివిల్ డిక్రీకి 12 ఏళ్ల గడువుంది, అలాగని దాన్ని చూసుకుని నిద్రపోకూడదు.

ఇప్పుడు అసలు పని, అతని డబ్బు ఎక్కడుందో కనిపెట్టడం. ఉద్యోగం ఎక్కడ, జీతం ఏ బ్యాంకులో పడుతుంది, ఊళ్లో పొలం ఉందా, ప్లాటు ఎవరి పేరున ఉంది? ఇవన్నీ వెతకడానికి డిటెక్టివ్ అక్కర్లేదు. 2020 నాటి రజ్నేష్ వర్సెస్ నేహా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. అతను వేసినది మీ కేసు ఫైల్లోనే ఉండవచ్చు, దాని కాపీ తీయించండి. పొలానికైతే ఆంధ్రలో అడంగల్, 1బీ, తెలంగాణలో పహాణీ చూడండి.

పిటిషన్‌లో ఏం అడగాలి? డిక్రీ ఉంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్, మన ప్లీడర్లు ఈపీ అనేది, వేసి జీతం జప్తు అడగండి. మామూలు అప్పుల కంటే భరణం విషయంలో చట్టం కఠినం. జీతంలో మూడో వంతు మాత్రమే అతనికి వదిలి, మిగతాది జప్తు చేసే వీలుంది. పీఎఫ్‌ను మాత్రం ముట్టుకోలేరు. 144 కింద మేజిస్ట్రేటు లేదా ఫ్యామిలీ కోర్టు వారెంటు ఇస్తుంది. అప్పటికీ చెల్లించకపోతే బకాయిపడ్డ ప్రతి నెలకూ నెల వరకు జైలు వేయొచ్చు. జైలుకెళ్లి వచ్చినా బాకీ తీరదు. నా మాటైతే, ఉద్యోగస్తుడి మీద ముందు జీతం దారే పట్టండి. జైల్లో కూర్చున్నవాడు మీ అద్దె కట్టలేడు. జీతం కనిపించని వ్యాపారి మీద మాత్రం వారెంటు మాటే డబ్బు బయటికి తెస్తుంది.

అతను ‘ఉద్యోగం పోయింది’ అనొచ్చు. అలాగైతే భరణం తగ్గించమని అతనే కోర్టును అడగాలి, తగ్గించేదాకా పాత ఆర్డరే నడుస్తుంది. ‘పెద్దమనుషుల్లో తేల్చుకుందాం’ అని కబురొస్తే వెళ్లండి, కానీ సొమ్ము ఖాతాలో పడకముందు ‘అంతా ముట్టింది’ అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఒప్పందం కుదిరితే దాన్ని కోర్టులో మెమోగా దాఖలు చేయించండి.

ప్లీడరు ఫీజు భారమైతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఫోన్ నంబరు 15100.