వ్యాయామశాలలో అద్దం – ఎంతవరకు?

మన విద్యార్థి సంఘం ఈ ఏడాది వ్యాయామశాలకు అద్దాలు పెట్టించాలని తీర్మానించింది. సంతోషమే. కాని మూడు గోడలకూ నిండుగా అద్దాలే అన్న మాట విన్నాక ఈ నాలుగు ముక్కలు రాయక తప్పింది కాదు.

ముందుగా కొంచెం భౌతికశాస్త్రం. సమతల దర్పణంలో నిలువెత్తు రూపం చూసుకోవడానికి మన ఎత్తులో సగం అద్దం చాలునని ఇంటర్మీడియట్‌లో అందరం చదివాం. 170 సెంటీమీటర్ల మనిషికి 85 సెంటీమీటర్లు. దగ్గరగా నిలబడినా, దూరంగా నిలబడినా ఈ లెక్క మారదు. పొట్టివారూ పొడుగువారూ వాడాలి, కూర్చుని లేచే కసరత్తులూ ఉంటాయి గనుక కొంచెం పెద్దదే తీసుకుందాం. అయినా ఒక గోడ చాలు.

అద్దం వల్ల మేలు లేదనడం నా ఉద్దేశం కాదు. కొత్తగా చేరినవాడికి తన భుజాల్లో ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉందని తెలియదు. చేయి నిటారుగా చాపాననే అనుకుంటాడు, మోచెయ్యి మాత్రం వంగే ఉంటుంది. పి.డి. గారు పదిసార్లు చెప్పినా ఎక్కని మాట అద్దంలో ఒక్కసారి చూస్తే ఎక్కుతుంది. బాక్సింగ్ నేర్చేవారు అద్దం ముందు గాలిలో గుద్దులు విసరడం మీరు చూసే ఉంటారు. కుడిచేయి విసిరినప్పుడు గడ్డం దగ్గర కాపలా ఉండవలసిన ఎడమచేయి కిందికి జారిందా లేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

అయితే శరీరానికి లోపలి చూపు ఒకటుంది. కండరాల్లో, స్నాయువుల్లో, కీళ్ళలో ఉన్న నాడుల కొసలు ఏ అవయవం ఎక్కడుందో మెదడుకు ఎప్పటికప్పుడు కబురు పంపుతుంటాయి. కళ్ళు మూసుకుని ముక్కు ముట్టుకోగలుగుతున్నామంటే దాని చలవే. ఎదురుగా బొమ్మ కనిపిస్తుంటే మెదడు ఈ కబుర్లను సరిగా పట్టించుకోదు. 1987లో ప్రోటో అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు చేత్తో గురిని అందుకునే పని ఒకటి కొందరిచేత సాధన చేయించారు. తరువాత తమ చేయి తమకు కనిపించకుండా చేశారు. అప్పుడు 200 సార్లు చేసినవారికంటే 2000 సార్లు చేసినవారే ఎక్కువ తడబడ్డారు! సాధన పెరిగినకొద్దీ కంటిమీద ఆధారం తగ్గుతుందనుకుంటాం గదా, తీరా చూస్తే పెరిగింది.

ఇది నాకు అనుభవమే. రెండేళ్ళు అద్దం ఎదుటే బరువులెత్తాను. అంతర కళాశాల పోటీలో వేదిక ఎక్కేసరికి ఎదురుగా న్యాయనిర్ణేతలు, వాళ్ళ వెనకాల జనం. నేను మాత్రం లేను! రోజూ ఎత్తే బరువే, స్నాచ్‌లో మూడు ప్రయత్నాలూ పోయాయి. బార్ తలమీదికి వచ్చిందో, వెనక్కి పోతోందో అర్థం కాలేదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి 110 కిలోలు స్నాచ్, 130 కిలోలు క్లీన్ అండ్ జెర్క్ చేసి కంచు పతకం గెలిచిన వేదిక మీదా అద్దం లేదు.

పక్క గోడల అద్దాలతో ఇంకో ప్రమాదం ఉంది. భుజాలమీద బార్ పెట్టుకుని స్క్వాట్ చేస్తూ నడుము వంగిందేమోనని మెడ తిప్పి చూస్తాం. అంత బరువుకింద మెడ తిప్పడం కొరివితో తల గోక్కోవడమే. పక్కనుంచి చూడాలంటే స్నేహితుడిచేత సెల్‌ఫోన్‌లో తీయించుకుని, బార్ దింపాక చూసుకోండి.

సాయంత్రం విద్యార్థినుల బాచ్ సంగతీ ఆలోచించాలి. 2003లో కెనడాలో కాథ్లీన్ మార్టిన్ గినిస్ బృందం వ్యాయామం అలవాటు లేని 58 మంది స్త్రీలతో ఒక పరీక్ష జరిపింది. వ్యాయామం చేసింది 20 నిమిషాలే. అద్దం ఉన్న గదిలో చేస్తే, లేని గదిలో చేసిన దానికంటే, మనసుకు హాయి తగ్గింది. తమ ఆకృతి గురించి దిగులున్నవారికీ, లేనివారికీ అదే తీరు. మొదటి వారంలోనే మానేసేవారు మన దగ్గర ఎందరో లెక్క తీస్తే మంచిది.

కనుక సంఘం వారికి నా మనవి. ఒక్క గోడకే, నేలనుంచి అడుగున్నర ఎత్తులో అద్దం పెట్టించండి. దొర్లే ప్లేట్లు తగలవు. దానికి లాగితే జరిగే తెర కట్టించండి. కొత్తవారు మొదటి నెల తెర తీసి చేయాలి, ఆ తరువాత వారానికి ఒక్కరోజే తీయాలి. మిగిలిన రెండు గోడల డబ్బుతో కొత్త బార్ ఒకటి కొనండి. ఉన్నదాని వంపు చూడటానికి ఏ అద్దమూ అక్కరలేదు.