మాల తీసిన మర్నాడు

శబరిమల వెళ్లొచ్చి, అమ్మ చేత మాల తీయించుకున్న రాత్రే అబ్బాయి మళ్లీ తాగి వచ్చాడని ఏడ్చే తల్లులు సంక్రాంతి వెళ్లాక ఏటా కనబడతారు. ‘41 రోజులు చుక్క ముట్టనివాడు ఇప్పుడెందుకు ఉండలేడు? అంతా పొగరు’ అంటాడు తండ్రి.

పొగరు కాదు. ఆ 41 రోజులూ వాడి చుట్టూ ఏమున్నాయో చూడండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, రెండు పూటలా పూజ, సాయంత్రమైతే భజన, పక్కన తోటి స్వాములు. పాత స్నేహితులు కూడా ‘స్వామీ’ అని పిలిచి దూరంగా నిలబడతారు. మాల తీయగానే ఇవన్నీ ఒక్కసారిగా పోయి, అదే సాయంత్రం, అదే సందు, అదే బెల్టు షాపు మిగులుతాయి. కాబట్టి ఇంకోసారి ఒట్టు వేయించుకోవడం కన్నా, ఆ ఖాళీ సాయంత్రం ఏం చేస్తాడో వాడితో కూర్చుని ఆలోచించడం మేలు.

పట్టుదల అనగానే వాడి పట్టుదలే అనుకుంటాం. వాడికి ఎంత కావాలో మీకూ అంతే కావాలి. మీది ఎక్కువగా డబ్బు దగ్గర తేలిపోతుంది. నాన్న ‘ఇక పైసా ఇవ్వను’ అని అరుస్తాడు. అమ్మ పోపుల డబ్బాలోంచి రెండు వందలు తీసి ఇస్తుంది. వాడు చేసిన చేబదుళ్లు పరువు పోతుందని చాటుగా తీరుస్తారు. డ్యూటీకి వెళ్లకపోతే జ్వరమని మీరే ఫోన్ చేస్తారు. అదంతా ప్రేమే, కానీ తాగుడు వల్ల వాడికి తగలాల్సిన దెబ్బ మీకు తగులుతోంది. ముందు భార్యాభర్తలిద్దరూ ఒక మాట మీదికి రండి. అన్నం ఎప్పుడూ ఉంటుంది, పడుకోవడానికి మంచం ఉంటుంది, ఆసుపత్రికి ఎప్పుడంటే అప్పుడు తోడొస్తాం. చేతికి డబ్బివ్వం, బాకీ తీర్చం, అబద్ధం చెప్పం. ఇది రాత్రి తాగి వచ్చినప్పుడు కాదు, పొద్దున మత్తు దిగాక, కేకలు వేయకుండా చెప్పండి. చెప్పినదాన్ని వచ్చే నెలా, ఆ పై నెలా నిలబెట్టుకోవడమే కష్టం. తాగకుండా ఇంటికొచ్చిన రోజున మాత్రం పాత లెక్కలు తీయకుండా కూర్చుని కబుర్లు చెప్పండి. ఆ రోజు పోట్లాడితే వాడు మానేసి లాభమేంటి?

పట్టుదల పేరుతో ప్రాణం మీదికి తెచ్చేవీ ఉన్నాయి. పొద్దున్నే ఒక పెగ్గు పడితే గానీ చేతుల వణుకు ఆగనంతగా తాగేవాణ్ని గదిలో పెట్టి తాళం వేయకండి. ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేనివి కనబడి, మనుషులను గుర్తుపట్టని స్థితి వస్తే చనిపోయే ప్రమాదమూ ఉంది. డాక్టరు చేతుల మీదుగా మాన్పించాలి. కూరలో తెలియకుండా మాత్రలు కలపడం ఇంకొకటి. డైసల్ఫిరామ్ వేసుకున్న మనిషి మందు తాగితే గుండె దడ, వాంతులు వస్తాయి, బీపీ పడిపోతుంది. వాడికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పరీక్షలు చేసి రాశాకే ఆ మాత్ర. పెళ్లి చేస్తే దారికొస్తాడన్న మాట వదిలేయండి. ఒక ఆడపిల్లను డీఅడిక్షన్ సెంటర్‌గా వాడుకోకూడదు.

మానేసిన వాడు మళ్లీ తాగితే? చాలామందికి ఒకటి రెండుసార్లయినా అలా జరుగుతుంది. షుగర్ పెరిగితే మందు మార్చుకుని పథ్యం సరిచూసుకుంటాం గానీ, ఇన్నాళ్ల వైద్యం దండగైందని అనుకోం కదా. ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మరి మీ సంగతి? ఆల్కహాలిక్స్ అనానిమస్ స్థాపకుల్లో ఒకరైన బిల్ విల్సన్ తాగుడు మానేశాక కూడా, ఆయన భార్య లోయిస్ తనలో కోపం, దిగులు అలాగే ఉన్నాయని గ్రహించింది. తాగేవారి కుటుంబాల కోసం 1951లో అల్‌-అనాన్ మొదలుపెట్టినవారిలో ఆవిడ ఒకరు. అంటే ఇంట్లోవాళ్లకూ వేరే సాయం కావాలని అప్పుడే తేలింది. కనీసం ఒక అక్కకో తమ్ముడికో నిజం చెప్పుకోండి. మీ బీపీ మాత్రలు మీరు మరిచిపోకండి.

మత్తు మాన్పించే సాయానికి ప్రభుత్వ ఉచిత నంబరు 14446. మానసిక వేదనకు టెలీ మానస్ నంబరు 14416, అందులో తెలుగులోనూ మాట్లాడతారు. అబ్బాయి ఒప్పుకునేదాకా ఆగనక్కర్లేదు. ముందు మీరు ఫోన్ చేయండి.