పెరటికోళ్లు – సాల్మొనెల్లా వ్యాధి

అడిక్‌మెట్ వంటి యిరుకు పేటలలో కోళ్లను పెంచువారికి విశాలమైన పెరడు దొరకుట యరుదు. మెట్లక్రింద నొక గంపయో, మిద్దెమీద నొక చిన్న గూడో యుండును. వంటయిల్లు, నీళ్లబిందె, ప్రాకులాడు పసిబిడ్డ, అన్నియు నాలుగడుగుల దూరములోనివే. కావున నీ విషయమును విద్యార్థులకు వివరింపదలచితిమి.

కోళ్ల ప్రేవులలో సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండవచ్చును. 1885వ సంవత్సరమున అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ యను శాస్త్రజ్ఞుడు ఈ జాతి క్రిమిని పందులనుండి వేరుపరచెను. అతని పై యధికారియైన డేనియల్ సాల్మన్ పేరు దీనికి వచ్చినది. ఇందు కొన్ని తెగలు కోడిపిల్లలకు తెల్లపారుడు కలిగించి చంపును. మరికొన్ని కోడి కేమియు హాని చేయక, రెట్టతో వెడలి మనుష్యులను బాధించును. మోసమంతయు నిందే యున్నది. నిగనిగలాడుచు మేయు కోడియు వ్యాధిని మోయుచుండవచ్చును.

క్రిమి నోటిలో ప్రవేశించిన 6 గంటలు మొదలు 6 దినములలోపల జ్వరము, కడుపునొప్పి, విరేచనములు పుట్టును. ఆరోగ్యవంతులకు సాధారణముగా వారములో నెమ్మదించును. 5 ఏండ్లలోపు బిడ్డలకును, వృద్ధులకును ప్రాణాపాయము కలుగవచ్చును. విరేచనములో రక్తము కనబడినను, బిడ్డకు మూత్రము తగ్గినను, ఓ.ఆర్.ఎస్. నీళ్లు త్రాగించుచు వెంటనే నల్లకుంట ఫీవరాసుపత్రికో, సమీప వైద్యునికడకో కొనిపోవలెను.

నివారణకు పాటింపదగిన నియములివి:

1. కోడిని, గ్రుడ్డును, గూటిని ముట్టిన వెంటనే సబ్బుతో 20 సెకండ్లు చేతులు కడుగవలెను. రంగువేసిన కోడిపిల్లలను ముద్దాడరాదు.

2. గూటివద్దకు వేరు చెప్పులుండవలెను. అవి గుమ్మము దాటి లోనికి రారాదు. కోళ్ల నీళ్లమూకుడును వంటయింటిలో కడుగరాదు.

3. గ్రుడ్లను ప్రతిదినము ఏరవలెను. పగిలినవానిని పారవేయవలెను. అంటిన మురికిని పొడిగుడ్డతో తుడువవలెను. చన్నీటిలో ముంచినచో పెంకునందలి సన్నని రంధ్రములగుండా క్రిమి లోనికి పోగలదు.

4. పచ్చిమాంసము కోసిన కత్తిని, పలకను కడుగక వానితో కూరగాయలు తరుగరాదు. మాంసమును కొళాయి ధారక్రింద కడిగినచో తుంపురలతో క్రిమి నలుదెసల వ్యాపించును.

5. మాంసము లోపలివరకు 74 డిగ్రీల సెల్సియస్ వేడి నందవలెను. గ్రుడ్డులో పచ్చసొనయు గట్టిపడవలెను. తెలంగాణ ప్రభుత్వము 2024 అక్టోబరు 30వ తేదీన పచ్చిగ్రుడ్లతో చేయు మయోనైజ్‌ను ఒక సంవత్సరముపాటు నిషేధించుటయు పచ్చిగ్రుడ్డువలని యిట్టి భయముచేతనే.

కోళ్లను మానుమని మేము చెప్పుట లేదు. మన నగరములోనే, రాజేంద్రనగర్‌నందలి కోళ్ల పరిశోధన సంస్థ, పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ యను మేలుజాతులను సిద్ధపరచినది. గ్రుడ్డు బీదయింటికి బలమైన యాహారము. ఆ గ్రుడ్డును తెచ్చిన చేయియే బిడ్డకు రోగమును తేరాదు. విద్యార్థులారా, చదివినంతమాత్రమున చాలదు. ఇంటికేగి మీ చిన్న తమ్ములకును చెల్లెండ్రకును చేతులు కడుగు విధమును మీరే చేసి చూపుడు.