కాలు వదిలే పురుగు

తలకోన లాంటి తేమ అడవుల్లో, రాతి సందుల్లో పొడుగు కాళ్ల పురుగు ఉంటుంది. సాలీడు అనుకుంటాం. కాదు.

ఎట్లా గుర్తు పట్టాలి?

రెండింటికీ 8 కాళ్లే. సాలీడుకు సన్నని నడుము ఉంటుంది. దీనికి లేదు. ఒళ్లంతా ఒకటే గింజ లాగా ఉంటుంది. ఇది గూడు అల్లదు. దీనికి విషం లేదు.

దీని శత్రువులు ఎవరు?

పక్షులు, బల్లులు, కప్పలు, సాలీళ్లు. శత్రువు పట్టుకుంటే కాలు వదిలేసి పారిపోతుంది. తెగిన కాలు కాసేపు కదులుతూనే ఉంటుంది. శత్రువు దాన్నే చూస్తుంది. పురుగు తప్పించుకుంటుంది.

బల్లికి తోక మళ్లీ వస్తుంది. దీనికి కాలు మళ్లీ రాదు. పిల్లలు ఆటకు కాళ్లు పీకుతారు. వద్దని చెప్పండి.

జాగ్రత్త! రాతి సందులో చెయ్యి పెట్టకండి. తేలు ఉండొచ్చు. తేలుకూ 8 కాళ్లే. తోక చివర కొండి ఉంటే అది తేలు.

చెప్పండి: మీ ఊళ్లో ఈ పురుగును ఏమంటారు?