గ్రామమునకు తగిన డిస్కు ప్లేయరు

పంచాయతీ రేడియో చుట్టును సాయంకాలము గుమిగూడిన దినములు మన పెద్దలలో పలువురకు నేటికిని జ్ఞప్తియందున్నవి. రేడియో తరువాత టేపు రికార్డరు, దాని వెనుక సి.డి., వి.సి.డి., డి.వి.డి.లు ఊళ్లలోనికి వచ్చినవి. చేతిఫోనులోనే పాటయు, సినిమాయు లభించుచున్న ఈ కాలమున డిస్కు ప్లేయరుతో పనియేమని సభ్యులు కొందరు ప్రశ్నింపవచ్చును. పని కలదు. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో (2016 అక్టోబరులో ఇవి పలు జిల్లాలుగా విభజింపబడినవి) పెండ్లిండ్లు, బతుకమ్మ ఆటలు, జాతరలు, ఒగ్గు కథలు, గోండుల దండారి నృత్యములు ఎన్నో ఏండ్లపాటు ఈ డిస్కులపైననే ఎక్కింపబడినవి. సినిమా పాట నేడు ఎచ్చటనైనను దొరకును. మన ఊరి పెద్దమనిషి పాడిన పాట ఆయన ఇంటి బీరువాలోని డిస్కుపై తప్ప మరెచ్చటను ఉండదు. దానిని చదువగల యంత్రము చెడిపోయినచో పాటయు పోయినట్లే.

కావున పంచాయతీ భవనమునకు గాని, గ్రంథాలయమునకు గాని, స్వగృహమునకు గాని ప్లేయరు కొనదలచినవారు ముందుగా తమయొద్ద నున్న డిస్కులు ఎట్టివో చూచుకొనవలెను. ఈ డిస్కులన్నియు పైకి ఒకే రూపము కలవి. వ్యాసము 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. కాని లోపలి వ్రాత వేరు. గ్రామఫోనులో ముల్లు రికార్డును రాచుకొనుచు పోయెడిది. ఇచ్చట లేజరు కాంతి డిస్కుపై పడి, తిరిగి వచ్చిన వెలుగునుబట్టి యంత్రము పాటను గ్రహించును. 1982లో వచ్చిన సి.డి.కి 780 నానోమీటర్ల కాంతి చాలును. 1996లో వచ్చిన డి.వి.డి.కి 650, 2006లో వచ్చిన బ్లూ-రేకు 405 నానోమీటర్ల కాంతి కావలెను. కాంతి ఎంత సూక్ష్మమైన అంత చిన్న వ్రాతను చదువును. వి.సి.డి. అనునది సి.డి.పైననే ఎక్కించిన బొమ్మ. ఒక డిస్కుపై సుమారు 74 నిమిషములే పట్టును గనుక తెలుగు సినిమా ఒకటి రెండు మూడు డిస్కులలో వచ్చుచుండెడిది.

బ్లూ-రే యంత్రము ఖరీదు గలది, డి.వి.డి.ని కూడ చదువును. అయినను వానిలో అనేకము వి.సి.డి.ని చదువవు. మన ప్రాంతమున ఇండ్లలోని పాత డిస్కులలో వి.సి.డి.లే మెండు. అందుచేత పదివేలు పోసి బ్లూ-రే కొనుటకంటె, వి.సి.డి. గుర్తు స్పష్టముగా నున్న సాధారణ డి.వి.డి. ప్లేయరు కొనుటయే మేలని మా అభిప్రాయము.

అట్టపెట్టెపై అచ్చువేసిన అంకెలను నమ్మరాదు. ఇంటి థియేటరు పేర అమ్మెడి కొన్ని సెట్లపై “5000 వాట్లు, పి.ఎం.పి.ఓ.” అని పెద్ద అక్షరములతో నుండును. అదే సెట్టు వెనుకనున్న రేకు చూచినచో అది కరెంటు తీసికొనునది 50 వాట్లే అయి యుండును. ఏబది తీసికొని ఐదువేలు ఇచ్చు యంత్రము లోకములో లేదు! ఆర్.ఎం.ఎస్. అని వ్రాసిన అంకెనే లెక్కలోనికి తీసికొనవలెను.

వెనుకనున్న ఆ రేకు మరియొక విషయము కూడ చెప్పును. పొలముల మోటార్లన్నియు నడచువేళ కొన్ని ఊళ్లలో వోల్టేజీ బాగుగా తగ్గును. “100-240 వోల్టులు” అని వ్రాసియున్న యంత్రము ఇట్టి హెచ్చుతగ్గులను చాలవరకు ఓర్చును. ఒక్క 230 మాత్రమే వ్రాసియున్నచో స్టెబిలైజరు అవసరము. ఉరుములు మెరుపులున్నపుడు ప్లగ్గును, కేబుల్ తీగను కూడ తీసివేయవలెను.

జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫ్ దేశములకు పోయిన అన్నదమ్ములు తిరిగి వచ్చునపుడు ప్లేయర్లు తెచ్చుట కద్దు. అచ్చటి కరెంటు వలన చిక్కు లేదు. కాని డి.వి.డి.లకు ప్రాంతపు అంకెలు కలవు. భారతదేశమునకు 5, గల్ఫునకు 2, అమెరికాకు 1. అంకె కలియని డిస్కును యంత్రము నిరాకరించును. తెలుగు సినిమా డిస్కులలో అధికభాగమునకు ఈ కట్టుబాటు లేదు. వి.సి.డి.కిని, పాటల సి.డి.కిని అసలే లేదు. ఇంగ్లీషు సినిమాలతోనే చిక్కు. అమెరికానుండి వచ్చిన దానిపై 120 వోల్టులని మాత్రమే యున్నచో దానిని మన ప్లగ్గులో పెట్టుట యనగా కాల్చివేయుటయే.

దుకాణమునకు పోవునపుడు వట్టిచేతులతో పోరాదు. ఊరినుండి మూడు డిస్కులు తీసికొని పోవలెను: ఒక పాత వి.సి.డి., కంప్యూటరుపై ఎక్కించిన పెండ్లి డిస్కు ఒకటి, నిండుగా నున్న సినిమా డి.వి.డి. ఒకటి. ఫ్యాక్టరీలో అచ్చువేసిన డిస్కుకంటె కంప్యూటరుపై ఎక్కించిన డిస్కు కాంతిని తక్కువగా త్రిప్పి పంపును. దుకాణదారుడు చూపెడి క్రొత్త డిస్కు ఏ యంత్రములోనైనను ఆడును. పెండ్లి డిస్కు ఆడినపుడే దాని సత్తువ తెలియును. డిస్కును యంత్రము నడుమనుండి అంచువైపునకు చదువును. కాబట్టి సినిమా మొదటి పాట చూచి సంతోషింపక, చివరి పది నిమిషములు కూడ వేయించి చూడవలెను. లెన్సు బలహీనమైన యంత్రములు అచ్చటనే తడబడును. ట్రేను పదిమారులు తెరచి మూయవలెను. దానిని నడుపు రబ్బరు బెల్టు గట్టిపడుట ఈ యంత్రములలో తరచు కనబడు జబ్బు. ముందువైపున మీటలున్నవో లేవో చూచుకొనవలెను. కొన్ని యంత్రములకు రిమోటు పోయినచో ప్రాణము పోయినట్లే. టి.వి.కి హెచ్.డి.ఎం.ఐ. రంధ్రమున్నదా, లేక పసుపు, ఎరుపు, తెలుపు రంగుల మూడు పిన్నులా యనునది ఇంటివద్దనే చూచి పోవుట మంచిది.

సెకండు హ్యాండు యంత్రములను పంచాయతీ సొమ్ముతో కొనరాదని మేము గట్టిగా చెప్పుచున్నాము. లేజరు వాడకమువలన క్షీణించును, ఆ క్షీణత కంటికి కనబడదు. దుకాణపు ముద్రతో గ్యారంటీ కార్డును, బిల్లును తీసికొని స్టాకు రిజిస్టరులో నెక్కించవలెను. బిల్లు చేతనున్నపుడే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషను నాశ్రయించుట సుకరమగును.

ఇక దుమ్ము. రామగుండము, మందమర్రి వైపు బొగ్గు దుమ్ము, ఆదిలాబాదులో జిన్నింగు కాలమున దూది నూగు లెన్సుపై చేరును. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటిన దినములు కూడ మనకు క్రొత్త కావు. యంత్రము ఆడనపుడు గుడ్డ కప్పవలెను, ఆడునపుడు తీయవలెను. ఆంప్లిఫయరుపై దానిని పెట్టరాదు. డిస్కును మెత్తని గుడ్డతో నడుమనుండి అంచుకు తిన్నగా తుడువవలెను. గుండ్రముగా తుడుచుటవలన ఏర్పడు గీత వ్రాతవెంబడియే సాగుటచే యంత్రము దానిని సరిదిద్దుకొనజాలదు. సి.డి. పైభాగమున బాలుపెన్నుతో పేరు వ్రాయుట మరియు కీడు. వ్రాత పొర ఆ పైతట్టునకే సమీపమున నుండును.

పంచాయతీ భవనములో సినిమా వేయదలచినవారు ఒక సంగతి గమనింపవలెను. ఇంటిలో చూచుటకని అమ్మిన డిస్కును పదిమందిని పిలిచి వేయుట, టిక్కెట్టు లేకున్నను, బహిరంగ ప్రదర్శనయే యగును. 1957 నాటి కాపీరైటు చట్టముననుసరించి హక్కుదారుల అనుమతి పొందవలెను.

ఈ యంత్రములు మునుముందు సులభముగా దొరకవు. శాంసంగ్ 2019లో క్రొత్త బ్లూ-రే ప్లేయర్లను మానుకొన్నది. ఎల్.జి. 2024లో మానివేసినది. తక్కువ ధరకు తెలుగు సినిమా డిస్కులమ్మిన మోసర్ బేర్ కంపెనీ 2018లో దివాలా తీసి మూతపడినది. ఇంకను కళాకారుల సంగతి. హనుమాజీపేట ఒగ్గు కథకుడు మిద్దె రాములు 2010లో కీర్తిశేషులైనారు. మార్లవాయి గుస్సాడీ గురువు కనక రాజు 2021లో పద్మశ్రీ గౌరవము పొంది 2024లో దివంగతులైనారు. వారంత పేరు పొందని గాయకులు, నర్తకులు ప్రతి మండలములోను పోయినవారున్నారు.

అందుచేత ప్లేయరు కొన్న మొదటి నెలలోనే పంచాయతీ చేయదగిన పని యొకటి కలదు. ఊరిలో ఎవరియింట ఏయే డిస్కులున్నవో దండోరా వేయించి తెలిసికొని, కళాకారుల కుటుంబముల సమ్మతితో వానిని కంప్యూటరు తెలిసిన యువకునిచే హార్డు డిస్కుపైకి ఎక్కించవలెను. ప్రతులు రెండుండవలెను. ఒకటి పంచాయతీ కార్యాలయములో, రెండవది పాఠశాల ప్రధానోపాధ్యాయునియొద్ద. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరము ఒక నోటు పుస్తకములో వ్రాసియుంచవలెను. అసలు డిస్కును తుడిచి, పెట్టెలో నిలువుగా పెట్టి, యజమానికి తిరిగి అందజేసి సంతకము తీసికొనవలెను.