మామూళ్లు ఇచ్చేది లేదన్న వ్యాపారులు



మనలో చాలామంది అమ్మానాన్నలు తోపుడుబండి మీదనో, టీకొట్టు మీదనో బతుకు వెళ్లదీసేవాళ్లే. రోజు గిరాకీలోంచి ఒక నోటు ‘రౌడీ మామూలు’ కింద పక్కన పెట్టడం మనం కళ్లారా చూసిందే. ఇటలీలోని సిసిలీ దీవిలో మాఫియా వసూలు చేసే ఇలాంటి మామూలును ‘పిజ్జో’ అంటారు. అక్కడి వ్యాపారులు దాన్ని ఎలా ఎదిరించారో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

పిజ్జో అంటే ఏమిటి?

మొదట ఒక ఫోన్ వస్తుంది. ఇవ్వకపోతే తెల్లారేసరికి షాపు తాళంలో జిగురు పోసి ఉంటుంది. అప్పటికీ లొంగకపోతే షాపు తగలబడుతుంది. గొడవ ఎందుకులే అని చాలామంది ఇచ్చేస్తారు. మాఫియాకు డబ్బు ఎంత ముఖ్యమో, ఆ వీధి తనదేనని అందరి చేత ఒప్పించుకోవడం కూడా అంతే ముఖ్యం.

ఒంటరి పోరాటం

పాలెర్మో నగరంలో లిబెరో గ్రాస్సీ అనే ఆయనకు పైజామాలు, లోదుస్తులు కుట్టే ఫ్యాక్టరీ ఉండేది. 1991 జనవరి 10న ఆయన స్థానిక దినపత్రికలో మాఫియాకు బహిరంగ లేఖ రాశారు. బెదిరింపు ఫోన్లకు, బాంబులకు మీరు పెట్టే ఖర్చు దండగ, మేము డబ్బు ఇవ్వం, పోలీసుల రక్షణ కోరాం అన్నది దాని సారాంశం. తోటి పారిశ్రామికవేత్తలు ఆయనకు అండగా నిలవలేదు. అదే ఏడాది ఆగస్టు 29 ఉదయం ఇంటి దగ్గరే ఆయన్ను కాల్చి చంపారు.

కలిసి నిలబడితే

అదే దీవిలో కాపో దోర్లాండో అనే చిన్న పట్టణం ఉంది. 1990 డిసెంబరులో అక్కడి వ్యాపారులు చెప్పుల షాపు నడిపే టానో గ్రాస్సో నాయకత్వంలో సంఘం పెట్టుకున్నారు. 1991లో కోర్టుకు వెళ్లి కలిసి సాక్ష్యం చెప్పారు. నిందితులకు శిక్షలు పడ్డాయి. ఒక్కడైతే చంపగలరు, బజారు మొత్తాన్ని చంపలేరు గదా!

గ్రాస్సీ హత్య తరువాత ప్రభుత్వమూ కదిలింది. మామూళ్లకు లొంగక నష్టపోయిన వ్యాపారులను ఆదుకోవడానికి ఒక నిధి ఏర్పాటు చేసింది. 1999లో వచ్చిన 44వ నంబరు చట్టం దాన్ని బలపరిచింది.

యువకులు ఏం చేశారు?

పాలెర్మోలో కొందరు యువకులు ఒక పబ్ పెట్టాలనుకుని ఖర్చుల లెక్క వేసుకుంటుంటే, మరి పిజ్జో మాటేమిటన్న ప్రశ్న వచ్చింది. 2004 జూన్ 29 తెల్లారేసరికి నగరమంతా వాళ్ల స్టిక్కర్లు. పిజ్జో కట్టే ప్రజలు ఆత్మగౌరవం లేని ప్రజలని వాటి మీద రాశారు. అలా ‘అడ్డియోపిజ్జో’ ఉద్యమం పుట్టింది. పిజ్జో ఇవ్వని షాపుల్లోనే కొంటామని కొనుగోలుదారులు మాట ఇచ్చారు. 2006లో సుమారు 100 మంది వ్యాపారులు తమ పేర్లు బయటపెట్టారు. తరువాత ఆ సంఖ్య 1000 దాటింది.

మనం నేర్చుకోవలసింది

మన దేశంలో 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ ప్రకారం బలవంతపు వసూళ్లు నేరం. సెక్షన్ పుస్తకంలో ఉన్నంత మాత్రాన సరిపోదు. ఫిర్యాదు ఇచ్చే మనిషి వెనుక పదిమంది ఉండాలి. మన ఇళ్లలో ఫిర్యాదు రాయగలిగిన మొదటి తరం మనమే. అయితే నాన్నను ఒక్కడినే స్టేషనుకు పంపవద్దు. బజారులోని వాళ్లందరినీ కూర్చోబెట్టి, అందరి సంతకాలతో ఒకే అర్జీ రాద్దాం.