కణేకల్ నేర్పే భూగోళ పాఠం

మానవ భూగోళశాస్త్రం అనగానే పటాలూ, పట్టికలూ గుర్తుకొస్తాయి. నిజానికి ఆ శాస్త్రం అడిగేవి మూడే ప్రశ్నలు: మనుషులు ఎక్కడ ఉన్నారు? అక్కడే ఎందుకున్నారు? ఎక్కడికి పోతున్నారు? జవాబులకు దూరం పోనక్కరలేదు. మన జిల్లాలోని కణేకల్ చాలు.

మొదటిది నీరు. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. తుంగభద్ర ఎగువ కాలువ నీరందే కణేకల్ పొలాల్లో వరి పండుతుంది. అందని మెట్టలో వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడాల్సిందే. వాన తప్పితే కూలికి పని ఉండదు. అప్పుడు మెట్ట మనిషిని నెడుతుంది, పని ఉన్న చోటు లాగుతుంది. వలసకు మూలం ఈ రెండే.

రెండవది దూరం. వలస పోయేవాళ్లలో ఎక్కువమంది దగ్గరి చోట్లకే పోతారని 1885లో రావెన్‌స్టైన్ సూత్రీకరించాడు. కణేకల్‌కు బళ్లారి దగ్గర. ఒకప్పుడు కణేకల్ ఉన్నది బళ్లారి జిల్లాలోనే. 1953లో రాయదుర్గం తాలూకాతో పాటు ఆంధ్రకు వచ్చింది. ఎల్లలు మారాయి గానీ, కూలి వెతుక్కునే దారి మారలేదు. తర్వాత ఆ దారి బెంగుళూరు దాకా సాగింది. 2001, 2011 మధ్య ఆ మహానగర జనాభా 57 లక్షల నుంచి 85 లక్షలకు పెరిగింది. ఆ మేడల్లో మన జిల్లా కూలీల చెమట కూడా ఉంది.

మూడవది లెక్క. అదే పదేళ్లలో మన జిల్లా జనాభా 36.40 లక్షల నుంచి 40.81 లక్షలకు పెరిగింది. "పెరిగింది కదా, మరి వలసేదీ?" అనకండి. పుట్టినవారు ఎక్కువైతే, పోయినవారు లెక్కలో కనబడరు. పైగా 2011 జనగణన జరిగింది ఫిబ్రవరి నెలలో. అప్పటికి సుగ్గికి పోయి అక్కడే ఉన్నవారు ఆ ఊరి లెక్కలోకి వెళ్తారు. తిరిగొచ్చినవారు ఎన్నడూ కదలనట్టే నమోదవుతారు. పదేళ్లకొకసారి తీసే ఫోటోలో ఏటా జరిగే రాకపోకలు పడవు.

లెక్కలో పడనివారికి బడి ఎక్కడ, రేషను ఎక్కడ? తల్లిదండ్రుల వెంట పోయిన పిల్లవాడి పలక ఏ ఊళ్లో ఉండాలి?

2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. తర్వాతి దానికి 2027 మార్చి 1 ప్రమాణ తేదీగా ప్రకటించారు. ఆలోగా మనమూ ఒక పని చేద్దాం. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మీ వీధిలో తాళం పడిన ఇళ్లు లెక్కపెట్టండి. ఎప్పుడు పోయినారు, యాడికి పోయినారు, ఎప్పుడొస్తారు అని ఇంటి దగ్గరున్న అవ్వాతాతలను అడిగి రాసుకోండి. పుస్తకంలో లేని పాఠం అక్కడుంది.